ఎక్కువ గోల్స్ ఎవరివి? జవాబు సరిచేసుకుందాం



జనరల్ నాలెడ్జి పోటీలో ఈ ప్రశ్న అడిగితే ఏం చెప్తారు? “దేశం తరఫున ఆడి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినది ఎవరు?” చాలామంది ఠక్కున రొనాల్డో అంటారు. ఆ జవాబు తప్పు. సరైన జవాబు క్రిస్టీన్ సింక్లెయిర్.

ఈమెది కెనడా దేశం. 2000 సంవత్సరంలో, పదహారేళ్ల వయసులో దేశం జట్టులోకి వచ్చింది. 2023 డిసెంబరులో దేశం తరఫున ఆడడం మానేసేటప్పటికి ఆమె గోల్స్ 190. అప్పటికి రొనాల్డో లెక్క 130కి కూడా చేరలేదు. సింక్లెయిర్ కంటే ముందు ఈ రికార్డు అమెరికా క్రీడాకారిణి ఆబీ వాంబాక్‌ది. ఆమె గోల్స్ 184. అందులో 77 తలతో కొట్టినవే! ఎక్కువ మ్యాచ్‌లు ఆడిన రికార్డు కూడా ఒక స్త్రీదే. అమెరికాకు చెందిన క్రిస్టీన్ లిల్లీ 354 మ్యాచ్‌లు ఆడింది.

ఇది చెప్తే కొందరు, “ఆడవాళ్ల ఆటలో ఎదుటి జట్లు బలహీనం, అందుకే అన్ని గోల్స్” అని తేలిగ్గా తీసేస్తారు. కొంత నిజమే. 2020 జనవరిలో సింక్లెయిర్ రికార్డు దాటింది సెయింట్ కిట్స్ అనే చిన్న దీవుల దేశం మీద. ఆ మ్యాచ్‌లో కెనడా 11–0తో గెలిచింది. మరి రొనాల్డో కూడా లక్సెంబర్గ్ లాంటి చిన్న దేశం మీద బోలెడు గోల్స్ కొట్టాడు కదా? వాటిని ఎవరూ తీసెయ్యరే! తూకం రాయి ఇద్దరికీ ఒకటే ఉండాలి. పైగా 2012 లండన్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో గట్టి జట్టయిన అమెరికా మీద సింక్లెయిర్ ఒక్కతే మూడు గోల్స్ కొట్టింది. కెనడా 4–3తో ఓడిపోయినా ఆమె ఆటను ఎవరు కాదనగలరు?

అసలు ఆడనివ్వకపోతే జట్లకు బలం ఎట్లా వస్తుంది? 1920 డిసెంబరులో ఇంగ్లండులో డిక్ కెర్ ఫ్యాక్టరీ అమ్మాయిల మ్యాచ్ చూడడానికి 53 వేల మంది వచ్చారు. మరుసటి సంవత్సరమే అక్కడి ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట ఆడవాళ్లకు తగదంటూ తన మైదానాలు వాళ్లకు ఇవ్వొద్దని చెప్పేసింది. యాభై ఏళ్లపాటు అదే పద్ధతి! బ్రెజిల్‌లో అయితే 1941 నుంచి 1979 వరకు ఏకంగా నిషేధమే. మగవాళ్ల ప్రపంచ కప్పు 1930లో మొదలైతే ఆడవాళ్లది 1991 దాకా రాలేదు.

అదే బ్రెజిల్‌లో పుట్టిన మార్తా 2019లో తన 17వ ప్రపంచ కప్పు గోల్ కొట్టి, జర్మనీ ఆటగాడు క్లోజె చేసిన 16 గోల్స్‌ను దాటింది. తలుపు తీస్తే ఏమవుతుందో చూశారా!

అంతదూరం ఎందుకు? మన నిజామాబాద్ జిల్లా గిరిజన అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియా దేశానికి వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు కూడా ఆడింది.

మన హాస్టల్లో ఆటల పీరియడ్‌లో మాకు రింగు, త్రోబాల్ ఇస్తారు. ఫుట్‌బాల్ అడిగితే “అది మగపిల్లల ఆట” అంటారు. పైన రాసిన లెక్కలు చూశాక కూడా ఆ మాట అనవచ్చా? మేమందరం సింక్లెయిర్‌లం అవుతామని చెప్పడం లేదు. ఆడి చూడకుండా ఎవరికి ఏ ఆట వస్తుందో ఎట్లా తెలుస్తుంది?

వార్డెన్ మేడం గారికి మా మనవి ఒక్కటే. ఒక ఫుట్‌బాల్ ఇప్పించండి, వారానికి రెండు సాయంత్రాలు గ్రౌండు ఇవ్వండి. గోల్ స్తంభాలకు వెదురు బొంగులు మేమే తెచ్చి పాతుకుంటాం.

– 9వ తరగతి విద్యార్థిని