అడిగితేనే రాయితీ!

అడగందే అమ్మైనా పెట్టదంటారు. బస్సు రాయితీల సంగతీ అంతే!

మచిలీపట్నం నుంచి విజయవాడకు కంటి పరీక్షల కోసం వచ్చే పెద్దవాళ్లనే తీసుకోండి. భార్యాభర్తలిద్దరికీ అరవై దాటాయి. ఎక్స్‌ప్రెస్ టికెట్ వంద రూపాయలనుకుందాం. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో ఆవిడకు ప్రయాణం ఉచితం. అరవై నిండినవారికి ఆర్టీసీ ఇచ్చే 25 శాతం రాయితీతో ఆయనకు 75 రూపాయలు. అదే, నూట యాభై రూపాయల సూపర్ లగ్జరీ ఎక్కితే? ఇద్దరికీ పాతిక శాతం తగ్గినా 225 అవుతుంది. కాబట్టి చూడాల్సింది ఎంత తగ్గిందని కాదు, జేబులోంచి ఎంత పోయిందని.

స్త్రీశక్తి వర్తించేది పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే. హైదరాబాద్ లాంటి పొరుగు రాష్ట్రాల సర్వీసుల్లో టికెట్ కొనాల్సిందే. ఉచితమే కదా అని ఊరుకోకుండా 'సున్నా టికెట్' అడిగి తీసుకోవాలి.

రైలు లెక్క వేరు. పెద్దవాళ్లకిచ్చే చార్జీ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. అయితే 60 దాటిన పురుషులకు, 45 దాటిన మహిళలకు కింది బెర్తుల కోటా ఉంది. బుకింగ్‌లో వయసు సరిగ్గా రాయడం మరవొద్దు. మోకాళ్ల నొప్పులున్నవారికి అది డబ్బు కన్నా మేలు!

బస్సెక్కగానే చిల్లర కన్నా ముందు అసలు ఆధార్ కార్డు తీయండి. టికెట్ కొట్టకముందే వయసు చెప్పండి. మొహమాటపడితే నష్టం మీకే. ఆ మిగిలిన పాతిక కంటి చుక్కల మందుకైనా కలిసొస్తుంది.