జాబితాలతో రాని జాతీయాలు

1951 ఏప్రిల్. కొరియా యుద్ధంలో ఇమ్జిన్ నది దగ్గర చైనా సేనలు ఒక బ్రిటిష్ బ్రిగేడ్‌పై విరుచుకుపడ్డాయి. పరిస్థితి ‘ఎ బిట్ స్టికీ’గా ఉందని బ్రిగేడియర్ టామ్ బ్రోడీ తన పై అధికారి, అమెరికన్ జనరల్ రాబర్ట్ సోల్‌కు చెప్పాడని యుద్ధ చరిత్రలు రాస్తాయి. ఆంగ్లేయ సైనికుడి నోట ఆ మాట వచ్చిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. అమెరికన్ చెవికి మాత్రం కాస్త ఇబ్బందే, నెట్టుకొస్తారులే అన్నట్టు వినిపించింది. ఆ బ్రిగేడ్‌లోని గ్లాస్టర్‌షైర్ రెజిమెంట్ బెటాలియన్ ఒక గుట్ట మీద ఒంటరిగా చిక్కుకుంది. కొద్దిమందే తప్పించుకున్నారు, వందలమంది బందీలయ్యారు. అంతటి నష్టానికి ఆ ఒక్క మాటే కారణం అనలేం. కానీ ఇద్దరిదీ ఇంగ్లిషే అయినా అసలు సంగతి చేరలేదు.

రెండో ప్రపంచ యుద్ధ కాలపు చర్చల్లోనూ ఇదే జరిగిందని చర్చిల్ రాశాడు. ఒక పత్రాన్ని ‘టేబుల్’ చేయడమంటే బ్రిటిష్ వారికి వెంటనే చర్చకు తేవడం, అమెరికన్లకు పక్కన పెట్టేయడం. ఇరుపక్షాలూ కోరుకున్నది ఒకటేనని తెలిసేలోపు పెద్ద వాదనే నడిచింది.

మరి మన విద్యార్థికి మనం ఏం నేర్పుతున్నాం? గైడ్‌లో ఒక జాబితా, ఎదురుగా అర్థం, పరీక్షలో నాలుగు ఆప్షన్లు. ‘కిక్ ద బకెట్’ అంటే చనిపోవడం అని బట్టీ పట్టిస్తారు. అందులోని చులకన గురించి ఎవరూ చెప్పరు. ‘కాలం చేశారు’కూ ‘టపా కట్టేశాడు’కూ తేడా తెలుగు పిల్లలకు ఎవరూ జాబితా ఇచ్చి నేర్పలేదు. ఎవరి గురించి, ఎవరి ముందు, ఏ గొంతుతో అన్నారో విని పట్టుకున్నారు. ఇంగ్లిష్ జాతీయాలకూ ఆ సందర్భం కావాలి.

పుట్టిన చోటు తెలిస్తే ఇంకా మేలు. ‘హ్యాట్రిక్’ క్రికెట్ మాట. 1858లో షెఫీల్డ్‌లో వరుసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు తీసిన హెచ్.హెచ్. స్టీఫెన్‌సన్‌కు చందాలు పోగుచేసి టోపీ బహూకరించారు. ఆట మనకు తెలిసిందే గనుక ఎన్నికల వార్తల్లోనూ ఆ మాటను అలవోకగా వాడేస్తున్నాం. హైదరాబాద్ ఐటీ ఉద్యోగికి అమెరికన్ క్లయింట్ కాల్‌లో వినిపించే ‘బాల్‌పార్క్ ఫిగర్’, ‘టచ్ బేస్’, ‘కర్వ్‌బాల్’ మాత్రం మనం ఆడని బేస్‌బాల్ నుంచి వచ్చాయి. ఉజ్జాయింపు అంచనా, ఓసారి మాట్లాడుకోవడం, ఊహించని చిక్కు అని విడివిడిగా కంఠస్థం చేయించే బదులు, ఆ ఆటను పావుగంట చూపించి మూడింటినీ కలిపి చెబితే గుర్తుంటాయి.

ప్రశ్నపత్రం మారితే బోధన దానంతటదే మారుతుంది. అర్థం అడగడం మాని సందర్భం ఇవ్వాలి. ఒక సంతాప సందేశం, ఒక ఆఫీసు మెయిల్, స్నేహితుల కబుర్లు ఇచ్చి, ఏ మాట ఎక్కడ పొసగుతుందో, ఎక్కడ నొప్పిస్తుందో రాయమనాలి. అర్థంకాని జాతీయం ఎదురైతే మొహమాటపడకుండా ‘అంటే ఏమిటండీ?’ అని ఇంగ్లిష్‌లో మర్యాదగా అడగడం కూడా తరగతి గదిలోనే సాధన చేయించాలి.