బిడ్డల బాకీకి ఐ.పి. లేదు

మిరప కల్లాలు ఎత్తి, పత్తి తీతలు ముగిసి, చేతికి నాలుగు డబ్బులు రావలసిన రోజుల్లోనే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఒక మాట గుప్పుమంటుంది: ‘‘ఫలానా ఆసామి ఐ.పి. పెట్టాడట!’’ సరుకు అప్పుమీద తోలిన రైతు, వడ్డీకిచ్చిన మేస్టారు, చీటీ కట్టిన ఒంటరి ఆడమనిషి అంతా ఆ ఇంటి ముందు చేరతారు. ఇంటికి తాళం ఉంటుంది. కొన్నాళ్లకు కోర్టు నోటీసు వస్తుంది. దాన్ని చూరులో దోపి, మన డబ్బు కృష్ణలో కలిసినట్టేనని రైతు నిట్టూరుస్తాడు.

అసలు పొరపాటు జరిగేది అక్కడే. ఐ.పి. వేసినంత మాత్రాన అప్పు పోదు. నోటీసు అందుకున్నవాడు కదలకపోతేనే పోతుంది.

ఐ.పి. అంటే 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద వేసే దివాలా పిటిషన్. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది. అది కంపెనీలకు, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి అమలవుతున్నది. ఊళ్లో కమీషన్ వ్యాపారికి, ఎరువుల కొట్టు యజమానికి, రైతుకు మాత్రం ఇంకా పాత చట్టమే. అప్పులు 500 రూపాయలకు చేరి, తీర్చే స్తోమత లేనివాడెవడైనా కోర్టుకు వెళ్లవచ్చు.

కోర్టు దివాలాదారుగా ప్రకటించాక అతని ఆస్తి కోర్టు లేదా రిసీవరు చేతికి పోతుంది. అప్పులవాళ్లు తమ బాకీని అఫిడవిట్‌తో రుజువు చేసుకుని జాబితాలో పేరు ఎక్కించుకోవాలి. అలా ఎక్కించుకోనివాడికి పంపకంలో వాటా రాదు. చివరికి దివాలాదారుకు కోర్టు విడుదల ఇస్తే ఆ బాకీ కూడా కొట్టుకుపోతుంది. కనుక కాటా చీటీ, కమీషన్ పట్టీ, ప్రోనోటు భద్రంగా దాచుకోవాలి. ‘నోటిమాట చాలులే’ అనుకున్నవాడికి కోర్టులో చూపడానికి ఏమీ మిగలదు.

దొంగ రాతలు నిలవవు

పిటిషన్‌కు ముందే ఇల్లు భార్య పేర, పొలం బావమరిది పేర రాసేస్తారన్నది ఊరందరికీ తెలిసిన సంగతే. కానీ రాసిన తర్వాత రెండేళ్లలోపు ఐ.పి. పడితే, నిజాయితీగా సొమ్మిచ్చి కొన్నది కాని బదిలీని కోర్టు రద్దు చేయవచ్చు. రిసీవరు కదలకపోతే, బాకీ రుజువు చేసుకున్న రైతే కోర్టు అనుమతితో ఆ కోరిక కోరవచ్చు. ఆస్తి దాచినట్టు తేలితే ఏడాది వరకు జైలు శిక్ష కూడా ఉన్నది. మోసంతో చేసిన అప్పు విడుదల ఉత్తర్వుతో మాఫీ కాదు. ఇన్ని ఆయుధాలు ఉండగా రూపాయికి పావలా చొప్పున పెద్దమనుషుల ముందు రాజీపడి రావడం శోచనీయం.

అయితే ఐ.పి. పెట్టిన ప్రతివాడూ మోసగాడు కాదు. తెల్లదోమ పత్తిని ఊడ్చేసిన 1987-88లో ఈ రెండు జిల్లాల్లోనే అప్పుల భారంతో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. అలాంటి నిజాయితీపరుడికి ఈ చట్టం ఒక నీడ. రైతు కాపురముండే ఇల్లు, అరక, ఎడ్లు, విత్తనాలు జప్తుకు రావు. అరెస్టు కాకుండా కోర్టు రక్షణ ఇవ్వగలదు. చేతిలో లేక అప్పు కట్టలేనివాణ్ణి, కేవలం ఆ కారణంతో జైల్లో పెట్టరాదని సుప్రీంకోర్టు 1980లోనే తేల్చింది. పరువు పోతుందని ప్రాణం తీసుకోవడం కన్నా కోర్టు మెట్లెక్కడం వెయ్యి రెట్లు మేలు.

ఇంట్లో ఉన్న అప్పులవాళ్లు

ఈ గొడవలో ఎవరికీ పట్టనివాళ్లు దివాలాదారు భార్యాబిడ్డలు. ‘‘నేనే ఐ.పి. పెట్టాను, మనోవర్తి ఎక్కడ తెచ్చేది?’’ అని తప్పుకునేవాళ్లున్నారు. ఆ మాట చెల్లదు. కోర్టు ఉత్తర్వుతో వచ్చిన మనోవర్తి బాకీని దివాలా విడుదల తుడిచివేయదని 1920 చట్టమే చెబుతున్నది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. భార్య తానుండే చోటనే కేసు వేయవచ్చు. ఉత్తర్వు అయ్యాక డబ్బు ఇవ్వకపోతే ఏడాది లోపల వసూలుకు దరఖాస్తు పెట్టాలి. ఆలస్యం చేస్తే ఆ నెలల బాకీ చేజారుతుంది.

పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకూ ఈ హక్కున్నది. ‘‘ఆ బిడ్డ నా బిడ్డ కాదు’’ అని నోటితో అంటే సరిపోదు. చెల్లుబాటైన పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ, భార్యాభర్తలు కలిసే అవకాశమే లేదని రుజువైతే తప్ప, భర్త బిడ్డే. అడగ్గానే డి.ఎన్.ఎ. పరీక్షకు కోర్టులు ఒప్పుకోవు, బిడ్డకు మచ్చ రాకూడదని. పెళ్లి లేని చోట పరీక్షే దారి కావచ్చు. 2007 నుంచి 2009 వరకు మన రాష్ట్ర గవర్నరుగా ఉన్న ఎన్.డి. తివారీపై రోహిత్ శేఖర్ 2008లో ఢిల్లీ హైకోర్టుకెక్కాడు. 2012లో వచ్చిన పరీక్ష ఫలితంతో తండ్రెవరో తేలింది. గవర్నరుకు లేని మినహాయింపు ఊరి మోతుబరికి ఎక్కడిది?

తండ్రి అప్పు కొడుకు మెడకు చుట్టుకుంటుందన్న భయమూ పాతదే. 2005 సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పుకు ‘పుత్రధర్మం’ పేరుతో కొడుకును పట్టుకోరాదు. తండ్రి నుంచి సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యత. మైనరు సొంత పేరున ఉన్న పొలాన్ని కోర్టు అనుమతి లేకుండా తండ్రి అమ్మితే, మేజరయ్యాక మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని కొట్టివేయించుకోవచ్చు. తండ్రి హక్కు అంటే బిడ్డను కాపాడే హక్కేగాని, బిడ్డ ఆస్తిని తినే హక్కు కాదు.

ఆడవారికి, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాదిని 1987 చట్టం ఇస్తున్నది. మండల న్యాయసేవా కమిటీని అడిగితే చాలు. యార్డు సీజను మొదలయ్యే ముందు ఆ కమిటీలు ఊరి రచ్చబండల దగ్గరికి వచ్చి ఈ నాలుగు ముక్కలు చెప్పాలి. అప్పటివరకు రైతు చేయవలసిన పని ఒకటే. నోటీసు చూరులో దోపకుండా, వాయిదా తేదీ చూసుకుని, చీటీలు పట్టుకుని కోర్టుకు బయలుదేరాలి.