మా చెల్లెలు కూడా చందా కట్టింది

2019లో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో క్లర్కు ఉద్యోగం నుండి రిటైర్ అయినప్పుడు, చేతికొచ్చిన డబ్బులో నేను పెట్టిన మొదటి ఖర్చు 54 వేల రూపాయలు. సీజీహెచ్ఎస్ అని అందరూ పిలిచే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకంలో జీవితాంతం కొనసాగాలంటే పదేళ్ళ చందా ఒకేసారి కట్టేయాలి. నా వేతన స్థాయికి అది నెలకు 450 రూపాయలు. కట్టేశాను.

ఇంట్లో గొణుగుడు లేకపోలేదు. ‘నీకేం జబ్బుందని ఇప్పుడే అంత డబ్బు పోస్తావు?’ అన్నారు. నాతో పాటు రిటైర్ అయిన ఒక స్నేహితురాలు ఆ డబ్బు కొడుకు ఇంటి అప్పుకి ఇచ్చేసింది. ‘ఏడాదికోసారి కట్టుకునే వీలుంది కదా’ అంది. ఉంది, నిజమే. కానీ ఆడవాళ్ళ గ్రాట్యుటీ మీద ఇంటిల్లిపాదికీ ముందే లెక్కలుంటాయి. ఆ లెక్కల్లో ఆమె మోకాళ్ళు, ఆమె షుగరు ఎప్పుడూ చివరి పద్దే. అందుకే రిటైర్ కాబోతున్న ప్రతి స్త్రీకీ నేను ఒకే మాట చెబుతాను: అడగక ముందే కట్టేయండి.

ఆ డబ్బు దండగ కాలేదు. నెలనెలా బీపీకీ, థైరాయిడ్‌కీ మాత్రలు వెల్‌నెస్ సెంటర్‌లో తెచ్చుకుంటున్నాను. బాధలూ ఉన్నాయి. 2022లో కడుపునొప్పితో వెళితే, జాబితాలో పేరున్న ఒక ప్రైవేటు ఆసుపత్రి ‘ఆ కార్డుకి మంచాలు ఖాళీ లేవు, డబ్బు కడితే చూస్తాం’ అంది. కట్టాను. బిల్లు డబ్బు తిరిగి రావడానికి నెలలు పట్టింది. అయినా అడిగే హక్కు నాకుంది, అర్జీ పెట్టడానికి ఒక కార్యాలయం ఉంది.

మా చెల్లెలికి ఆ రెండూ లేవు.

దానికి 62 ఏళ్ళు. సిరిసిల్లలో ఉంటుంది. పదహారో ఏటి నుంచి బీడీలు చుట్టింది. భర్త పోయి తొమ్మిదేళ్ళు. ఇప్పుడు బీడీ కార్మికుల పింఛను 2,016 రూపాయలతోనూ, చేతనైన రోజున చుట్టే నాలుగు బీడీలతోనూ గడుపుతోంది. ఆయాసం ఉంది. నలభై అయిదేళ్ళు పొగాకు దుమ్ము పీల్చిన మనిషికి ఆయాసం ఎందుకొచ్చిందని అడిగే పని లేదు.

‘ఆరోగ్యశ్రీ ఉంది కదా’ అంటారు. ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి ఏడాదికి పది లక్షలు. గుండె ఆపరేషన్ అయితే పనికొస్తుంది, కాదనను. కానీ అది మంచం ఎక్కిన తర్వాత అందే సాయం. చెల్లెలికి కావలసింది నెలనెలా ఇన్‌హేలరు, అప్పుడప్పుడు ఊపిరితిత్తుల పరీక్ష. డెబ్బై దాటిన వారందరికీ ఆదాయంతో పని లేకుండా అయిదు లక్షల ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. దానికి చెల్లెలు ఇంకా ఎనిమిదేళ్ళు ఆగాలి. ఆగినా అదీ ఆసుపత్రిలో చేరితేనే. సర్కారు దవాఖానాలో బీపీ, షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఆయాసం మందు దొరికిన రోజుంటుంది, దొరకని రోజుంటుంది. లైన్లో నిలబడితే ఆ పూట బీడీల కూలీ పోతుంది.

నా కార్డులో దాని పేరు చేర్చవచ్చని తెలిసి సంతోషపడ్డాను. భర్త పోయిన సోదరిని కుటుంబ సభ్యురాలిగా చూపించవచ్చు. అయితే ఆమె నా మీద ఆధారపడి ఉండాలి, నాతో పాటే నివసించాలి. ఫారం తీసుకుని సిరిసిల్ల వెళ్ళాను. చెల్లెలు విని నవ్వింది. ‘గోలీల కోసం నా ఇల్లు ఇడిసిపెట్టి రావాల్నా అక్కా? నా కష్టం నేను చేసుకుని బతుకుతున్న. నీ మీద ఆధారపడ్డనని ఎట్ల రాసిస్త?’ అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్ళూ నేను ఆ ఫారాల్లో ‘ఆధారిత’ అనే గడి నింపిన గుమస్తానే. ఆ మాట ఒక ఆడమనిషి చెవికి ఎలా వినిపిస్తుందో ఆలోచించలేదు. తండ్రి కార్డు, భర్త కార్డు, చివరికి అక్క కార్డు. తన పేరున కార్డు కావాలంటే మాత్రం ఆమె ఎక్కడో ఒక హాజరు పట్టీలో ఉండి ఉండాలి.

చెల్లెలు చందా కట్టలేదా? బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1976లో వచ్చింది. తయారైన బీడీల మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో కార్మికులకు వైద్యం, ఇళ్ళు, పిల్లల చదువు చూడాలన్నది ఏర్పాటు. కట్టింది యజమాని పేరుతోనే, కానీ ఆ బీడీలు చుట్టింది ఎవరు? 2017లో జీఎస్టీతో ఆ సెస్సు రద్దయింది. నిధి ఇప్పుడు బడ్జెట్ దయ మీద ఉంది. నా జీతంలో కోసిన రూపాయి పే స్లిప్పులో కనబడింది కాబట్టి నేను చందాదారుని. చెల్లెలి వేళ్ళ మీదుగా పోయిన రూపాయి ఏ కాగితంలోనూ దాని పేరున లేదు కాబట్టి అది లబ్ధిదారు.

మన సంఘాల్లో కొందరు వైద్యానికి చందా అన్న మాటే తప్పంటారు. సర్కారు దవాఖానా ఉచితంగానే ఉండాలి, అందులో నాకు రెండో మాట లేదు. అయినా చందా అంటే నాకు భయం లేదు. ఈఎస్ఐలో కనీసం అయిదేళ్ళు ఉండి రిటైర్ అయిన కార్మికురాలు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ భర్తకూ వైద్యం, మందులు అందుతాయి. నెలకు పది రూపాయలు! అంత మా చెల్లెలు కట్టలేదా? అడ్డం డబ్బు కాదు, ఆ అయిదేళ్ళ రికార్డు. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టిన చేతికి, ఇళ్ళల్లో అంట్లు తోమిన చేతికి, కూలికి నాట్లు వేసిన చేతికి ఆ రికార్డు ఎవరు రాశారు?

కాబట్టి నేను అడిగేది ఇది. అరవై దాటిన ప్రతి స్త్రీనీ, ఎవరి మీదా ఆధారపడినట్టు రాయించుకోకుండా, తన పేరునే ఆ 120 రూపాయలకు చేర్చుకోవాలి. అది కూడా కట్టలేని వారిది ప్రభుత్వం కట్టాలి. మంచం వైద్యమే కాదు, నెల మందులూ అందులో ఉండాలి. వృద్ధాప్య పింఛన్ల మీద పనిచేసే మిత్రులు ఈ మాటను కూడా తమ అర్జీల్లో కలపమని కోరుతున్నాను.

ఆ ఫారం ఇంకా నా దగ్గరే ఉంది. వచ్చే నెల మళ్ళీ సిరిసిల్ల వెళుతున్నాను, దాన్ని నింపడానికి కాదు. చెల్లెలి బీడీ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు ఉన్నాయట. ముందు ఆ రెండూ ఒకే మనిషివని రాయించాలి.