పరదేశి శిక్షకుడు – స్వదేశి జట్టు

మన జాతీయ క్రీడాజట్టులకు పరదేశీయుని శిక్షకునిగా నియమించినప్పుడెల్ల రెండు వాదములు బయలుదేరుచుండును. ఈ దేశమున ఆట నేర్పువారే కరవైరా యని రోషపడువారు కొందరు. దొర వచ్చినాడు గనుక ఇక జయము మనదేయని చంకలు గొట్టుకొనువారు మరికొందరు. ఈ యుభయులును దక్షిణ సూడాను బాస్కెట్ బాల్ జట్టు చరిత్రను, దానికి శిక్షకుడైన రాయల్ ఐవీ యను అమెరికా దేశస్థుని చరిత్రను చిత్తగింపవలెనని మా మనవి.

ఐవీ 1981లో న్యూయార్కు నగరమున జన్మించెను. టెక్సాస్ విశ్వవిద్యాలయము పక్షమున ఆడి, 2004లో అట్లాంటా హాక్స్ జట్టున చేరి, ఎన్.బి.ఏ. యను అమెరికా వృత్తి క్రీడాసంఘమున సుమారు పదేండ్లు జీతమునకు ఆడెను. పేరు మోసిన ఆటగాడు కాడు. ఎదుటివానిని అడ్డగించుటలో శ్రద్ధ జూపి, పిలిచినంతసేపు ఆడి, చాలుననగానే వచ్చి బల్లపై కూర్చుండినవాడు. మంచి శిక్షకులలో పెక్కుమంది యీ కోవవారేయని మా తలంపు. పుట్టుకతో ప్రతిభ గలవానికి ఆట దానంతట వచ్చును. అది యెట్లు వచ్చెనో విప్పి చెప్పవలసిన పని యతనికి పడదు. బల్లపై కూర్చుండువాడు చూచి నేర్చుకొనును. ఆట చాలించిన పిదప ఐవీ ఎన్.బి.ఏ. జట్టులలోనే ఉపశిక్షకుడుగా మెలగి, 2021లో దక్షిణ సూడానునకు ప్రధాన శిక్షకుడయ్యెను.

అది యెట్టి దేశము? 2011 జనవరిలో నూటికి 98 మందికి పైగా స్వాతంత్ర్యమును కోరి మతము లీయగా, ఆ జూలై 9వ తేదీన వెలసిన రాజ్యము. మూడేండ్లయినను నిండకమునుపే, 2013 డిసెంబరులో, అంతర్యుద్ధము చెలరేగెను. లక్షలాది ప్రజలు పొరుగు దేశముల శిబిరముల పాలైరి. 2024లో ఒలింపిక్సునకు పోవునాటికి కూడ ఆ దేశమున పైకప్పు గల బాస్కెట్ బాల్ ఆటస్థల మొక్కటియు లేదు. ఆటగాండ్రలో పలువురు పరదేశములలో పెరిగినవారు. పదునేడేండ్ల ఖమాన్ మలువాచ్ యుగాండాలో పెరిగి అచ్చటనే ఆట నేర్చెను. కార్లిక్ జోన్స్ జన్మతః అమెరికనుడే. అట్టివానిని జట్టున కొక్కని చేర్చుకొనుటకు అంతర్జాతీయ నిబంధన లంగీకరించును. ఇది అచ్చమైన స్వదేశి జట్టు కాదని ఆక్షేపింపవచ్చును. యుద్ధము చెదరగొట్టిన ప్రజ ఎచ్చట పెరిగిన నచ్చటనుండియే గదా రావలెను!

ఇట్టి జట్టు 2023లో ప్రపంచ పోటీలకు పోయి చైనాను, ఫిలిప్పీన్సును, అంగోలాను ఓడించి, ఆఫ్రికా జట్టులలో మొదటిదై ఒలింపిక్సున ప్రవేశము సంపాదించెను. 2024 జూలై 20వ తేదీన లండనులో స్నేహపూర్వకమైన పందెమున అమెరికా మహామల్లులపై ఒక దశలో పదునారు పాయింట్లు ముందుండి, తుదకు 101–100తో, ఒక్క పాయింటు తేడాతో ఓడెను. ఎనిమిది దినముల పిమ్మట ఫ్రాన్సులోని లిల్ పట్టణమున పోర్టోరికోతో మొదటి ఒలింపిక్సు ఆట. ఆటకు ముందు వాద్యములు మ్రోగినవి. మ్రోగినది దక్షిణ సూడాను గీతము కాదు. ఏ ప్రభుత్వమునుండి విడివడుటకై లక్షలమంది ప్రాణములు కోల్పోయిరో ఆ సూడాను గీతము! జెండా క్రింద నిలిచి పరుల గీతము వినవలసి వచ్చుట యెట్టిదో మన పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆటగాండ్రు నిలిచిన చోటనే నిలిచియుండిరి. తప్పు దిద్ది వారి గీతమును మ్రోగించిరి. తరువాత వారు 90–79తో గెలిచిరి.

జూలై 31వ తేదీన ఐవీ తన మాతృదేశమునకే ఎదురుగా నిలిచెను. అమెరికా 103–86తో గెలిచెను. ఇది దేశద్రోహము కాదా యని యొక మిత్రుడు మమ్ము ప్రశ్నించెను. కాదు. న్యాయస్థానమున మా వృత్తివారు దినదినము చేయు పని యిదియే. వకాల్తు పుచ్చుకొన్నవాడు బంధువు ఎదుటి పక్షమున నున్నను కక్షిదారుని వాదమును మనస్ఫూర్తిగా వినిపింపవలెను. అయితే దావా వకీలుది కాదు, కక్షిదారునిది. అచ్చటనే మనవారు పొరబడుచున్నారు.

దక్షిణ సూడాను దావాకు కక్షిదారుడుగా నిలిచినవాడు లువోల్ డెంగ్. వావ్ పట్టణమున పుట్టి, బాల్యముననే ఈజిప్టునకును ఆ పిదప లండనునకును వలసపోయి, ఎన్.బి.ఏ.లో పదునైదేండ్లు ఆడినవాడు. స్వదేశ సమాఖ్యకు అధ్యక్షుడై, ఆటగాండ్ర బసలకును ప్రయాణములకును స్వంత ధనము వెచ్చించెను. 2021 ఆరంభమున, ఐవీ రాకమునుపు, తానే శిక్షకుడుగా నిలిచి పని గడపెను. ఐవీని పిలిచినవాడును అతడే. ఇల్లు ఇంటివారిది; మేస్త్రి మాత్రము పొరుగూరివాడు.

మన సంగతియో? 2011లో మన పురుషుల జట్టునకు కెన్నీ నాట్ అను మాజీ ఎన్.బి.ఏ. ఆటగాడు శిక్షకుడుగా వచ్చెను, నిలువలేదు. 2012లో స్కాట్ ఫ్లెమింగ్ వచ్చెను. రెండేండ్ల శ్రమ ఫలించి, 2014 జూలైలో వూహాన్ నగరమున, చైనావారి గడ్డపైననే, మనవారు చైనాను 65–58తో ఓడించిరి. మరుసటి యేట ఫ్లెమింగ్ స్వదేశమునకు మరలిపోయెను. ఆ యేడే సమాఖ్యలో రెండు వర్గము లేర్పడి, అసలు సమాఖ్య మేమనగా మేమని వాదులాడుకొనిరి. 1980 మాస్కో ఒలింపిక్సు తరువాత మన పురుషుల జట్టు మరల ఆ గడప తొక్కియుండలేదు. ఈ లోపము పరదేశి శిక్షకునిది కాదు, ఆటగాండ్రది అంతకన్నను కాదు.

ఇకమీదట శిక్షకుని నియమించిన వార్తతోపాటు అతని జీతమును, ఛాయాచిత్రమును ప్రకటించి ఊరకుండక, ఒడంబడిక యెన్నేండ్లకో, అతని ప్రక్కన నుండి పని నేర్చుకొను భారతీయ ఉపశిక్షకు లెందరో, అతడు సంవత్సరమునకు ఎన్ని జిల్లాల పాఠశాలలను చూడవలెనో కూడ సమాఖ్యవారు ప్రకటింతురు గాక.