కృత్రిమ సూర్యుడు – ప్రమిద మాట

మా కళాశాల వార్షిక సంచికకు వచ్చిన విద్యార్థుల రచనలలో భాషను సరిచూచే పని ప్రతి సంవత్సరమూ మాకే అప్పగింపబడుతున్నది. ఈసారి విజ్ఞానశాస్త్ర విద్యార్థులు పంపిన వ్యాసాలలో మూడు ‘కృత్రిమ సూర్యుని’ గూర్చినవే. మూడింటిలోనూ 15 కోట్ల డిగ్రీల ఉష్ణోగ్రత ఉన్నది, సముద్రజలం నుండి లభించే తరుగని ఇంధనం ఉన్నది, మానవజాతి ఉజ్జ్వల భవిష్యత్తు ఉన్నది. ఆ నిప్పును పట్టి ఉంచవలసిన పాత్ర గతి ఏమన్న ప్రశ్న మాత్రం ఒక్కదానిలోనూ లేదు. దీపాన్ని కీర్తించినవారు ప్రమిదను మరచారు. ఉర్దూ విభాగానికి వచ్చిన వ్యాసాల తీరూ ఇదేనని మా సహోపాధ్యాయులు సెలవిచ్చారు.

మేము తెలుగు ఉపన్యాసకులమే గాని భౌతికశాస్త్రవేత్తలము కాము. అయినను ఆ వ్యాసాలను దిద్దుటకై చదువవలసి వచ్చిన చదువు మాలో ఒక అభిప్రాయాన్ని స్థిరపరచినది. కేంద్రక సంలీనానికి నేడు ఎదురవుతున్న పరీక్షలలో కఠినమైనది ఆ ప్రమిద పరీక్షయే.

నిప్పు రగులుతుందని ఇదివరకే తేలినది. ఇంగ్లండులోని జెట్ యంత్రం 1997లో 16 మెగావాట్ల సంలీన శక్తిని చూపినది. 2023లో తన చివరి ప్రయోగాలలో 69 మెగాజౌళ్ల శక్తినిచ్చి, ఆ డిసెంబరులో విశ్రమించినది. ఇప్పుడు దక్షిణ ఫ్రాన్సులోని కడరాష్‌లో మన దేశం కూడ భాగస్వామిగా ‘ఇటర్’ అనే మహాయంత్రం నిర్మింపబడుతున్నది. బయటి నుండి 50 మెగావాట్ల వేడిని ప్లాస్మాలోకి పంపి, 500 మెగావాట్ల సంలీన శక్తిని రాబట్టవలెనని దాని సంకల్పం. అందులో 400 మెగావాట్లు న్యూట్రాన్లతో వెళ్లి చుట్టూ ఉన్న గోడలలో పరచుకుంటాయి. మిగిలిన 100, మనము పంపిన 50, ఈ రెండూ ప్లాస్మాలోనే ఉండి, పిదప ఏదో ఒక దారిన బయటపడవలెను. కొంత కాంతిగా వెదజల్లబడుతుంది. తక్కినది అయస్కాంత రేఖల వెంట జారి, పాత్ర అడుగున సన్నని పట్టీలవంటి చోట్ల వచ్చి పడుతుంది. ఆ దెబ్బను కాచుకొనే భాగానికే డైవర్టర్ అని పేరు. దీనికి మంచి తెలుగు మాట కొరకు వెదికి, దొరకక విడిచిపెట్టాము.

ఆ చోట చదరపు మీటరుకు 10 మెగావాట్ల వేడి నిలకడగా పడుతుందని, కొద్ది సేపు 20 వరకు పోవచ్చునని లెక్క. మన ప్రాంతపు మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు ఒక కిలోవాటు. అనగా దానికి పదివేల రెట్లు! 3422 డిగ్రీల వరకు కరగని టంగ్‌స్టన్ దిమ్మలను రాగి మిశ్రమపు గొట్టాలకు తొడిగి, ఆ గొట్టాలలో నీటిని వేగంగా పరుగెత్తించి ఈ వేడిని లాగివేయవలెను. నిప్పుకు, నీటికి నడుమనున్న లోహపు మందం కొన్ని మిల్లీమీటర్లే.

ఇంతటితో కథ ముగిసిన బాగుండును. ఇటర్ ప్లాస్మాలో ఒకటిన్నర కోట్ల ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించవలసి ఉన్నది. ప్లాస్మా ఒక్కొక్కప్పుడు అదుపు తప్పి, సెకనులో స్వల్ప భాగంలోనే కూలిపోతుంది. అంతటి ప్రవాహం హఠాత్తుగా ఆగితే చుట్టూ ఉన్న లోహంలో విద్యుత్తు పుడుతుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో విద్యుత్తు ప్రవహించే లోహం తోయబడుతుంది. మన ఇంటి పంకా తిరిగేది ఈ సూత్రం చేతనే. అక్కడ అదే సూత్రం వేల టన్నుల బలమై పాత్రను కుదిపివేస్తుంది. జెట్ యంత్రపు పాత్ర అట్టి సమయాలలో కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరుగుట నమోదైనది.

మమ్ము ఎక్కువగా ఆలోచింపజేసినది ఇక్కడి చిక్కు. వేడిని చక్కగా మోసుకొనిపోయే రాగియే విద్యుత్తునూ చక్కగా మోస్తుంది. వేడి కోరిన లోహాన్ని పెడితే విద్యుత్తు వచ్చి దాన్ని తోస్తుంది. విద్యుత్తు దారిని తెంచుటకై లోహానికి చీలికలు పెట్టవలెను. అవి పెడితే వేడి దారి, నీటి దారి, బిగింపు అన్నీ మరల ఆలోచించవలెను. వేడి త్వరగా దాటవలెనంటే గోడ పలుచగా ఉండవలెను. బలాన్ని ఓర్చవలెనంటే మందంగా ఉండవలెను. ఒక ఇంటిలో ఇద్దరు అత్తల మధ్య కోడలి వలె ఉన్నది ఆ లోహం పరిస్థితి. కూలబోతున్న ప్లాస్మాలోకి గడ్డకట్టిన హైడ్రోజన్, నియాన్ గుళికలను ముక్కలు చేసి చిమ్మి, దాని వేడిని కాంతిగా చెదరగొట్టే ఉపాయం కూడ సిద్ధమవుతున్నది.

చిన్న పని చేసే పెద్ద చేటును గూర్చి కూడ ఒక మాట. ఇటర్‌లోని అతిశీతల అయస్కాంతాలకు వేడి తగులకుండ వెండి పూత గల ఉష్ణకవచాలు ఉన్నవి. వాని శీతలీకరణ గొట్టాలలో పగుళ్లున్నట్లు 2022లో బయటపడినది. గొట్టాలను వంచి అతికినప్పుడు లోహంలో మిగిలిన ఒత్తిడి, అతుకుల వద్ద నిలిచిపోయిన కొద్దిపాటి క్లోరిన్ శేషం కారణాలని తేల్చారు. మరమ్మతులకు సంవత్సరాలు పట్టినవి. 15 కోట్ల డిగ్రీల యంత్రాన్ని ఆపినది సరిగా శుభ్రపడని అతుకు!

2025 ఫిబ్రవరిలో కడరాష్‌లోనే ఉన్న వెస్ట్ అనే మరొక యంత్రం ప్లాస్మాను 22 నిమిషాలకు పైగా నిలిపినప్పుడు అందరూ నిమిషాలను లెక్కించారు. అంతసేపు ఆ వేడిని మోసిన టంగ్‌స్టన్‌ను, నీటి గొట్టాలను తలచినవారు తక్కువ. ఇటర్‌ను చుట్టి ఉండే 30 మీటర్ల ఎత్తు గల క్రయోస్టాట్ భాగాలు గుజరాత్‌లోని హజీరాలో తయారైనవని మన విద్యార్థులలో ఎందరెరుగుదురు? ఈ మహాయజ్ఞంలో మన దేశం చేత చెప్పుకోదగిన పని చేయించినది లోహమూ, అతుకూ, చల్లని నీరూనే.

ఇంత దూరం వచ్చినది కమిటీ పెద్దలకు ఒక విన్నపం చేయుటకే. ప్రవేశ పరీక్షల శిక్షణ పేరిట గత సంవత్సరం నుండి భౌతికశాస్త్ర ప్రయోగశాలకు వారానికి రెండు గంటలు తగ్గింపబడినవి. శిక్షణ అనవసరమని మేమనము. మన పిల్లలలో చాలమంది తండ్రులు రోజుకూలితో ఫీజు కడుతున్నవారే, ఉద్యోగం వారికి అత్యవసరం. కాని రాగి కడ్డీ ఒక కొసకు ఆవిరి, మరొక కొసకు చన్నీరు పంపి, దాని ఉష్ణవాహకతను కొలిచే సర్ల్ పరికరం ఆ ప్రయోగశాలలోనే ఉన్నది. డైవర్టర్‌లో జరిగేదానికి మొదటి పాఠం అదే. ఈ సంవత్సరం దానిని ఒక్క జట్టు విద్యార్థులైనను ముట్టలేదని ప్రయోగశాల సహాయకుడు మాతో చెప్పాడు. కృత్రిమ సూర్యునిపై వ్యాసాలు వ్రాసిన ముగ్గురూ దానిని చూడనే లేదట. ఆ రెండు గంటలను వచ్చే జూన్ నుండి తిరిగి ఇప్పించవలెనని కోరుచున్నాము. ఆవిరి గొట్టానికి కొత్త రబ్బరు కూడ కావలెనట. ఆ ఖర్చు స్వల్పమే.