విరిగింది మా తమ్ముడి చేతిలో, తప్పు మాత్రం బొమ్మది

ఈసారి నేను ఒక బొమ్మ గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. నవ్వకుండా చివరిదాకా చదవండి.

సెలవుల్లో మా అమ్మ కళ్లు చూపించడానికి విశాఖపట్నం వెళ్లాం. తిరుగు బస్సు కోసం ద్వారకా నగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వచ్చాం. ఆ దగ్గర్లో రోడ్డు పక్కన ఒకాయన బొమ్మలు అమ్ముతున్నాడు. అరచేతిలో పట్టే ఎర్ర కారు. మడతలు విప్పితే రోబో అవుతుంది. మా తమ్ముడి కోసం అయ్య 80 రూపాయలు పెట్టి కొన్నాడు.

రెండో రోజే దాని చెయ్యి ఊడిపోయింది. తమ్ముడు ఏడ్చాడు. అయ్య ఏమన్నాడంటే, "మనోళ్ల చేతుల్లో ఇలాంటివి ఆగవమ్మా. మనకి కర్రా కత్తే సరి." ఆ మాట నాకు బాధేసింది. అందుకే బొమ్మని తిప్పి తిప్పి చూశాను.

ముందు మంచి చెప్తాను. దీనికి బ్యాటరీ అక్కర్లేదు. విడి ముక్కలు లేవు కాబట్టి ఏదీ పారిపోదు. కారు తలుపులే చేతులవుతాయి, ముందు భాగమే ఛాతీ అవుతుంది. ఒక్క ముక్కకి రెండు పనులు! ఇలా ఆలోచించినవాళ్లు తెలివైనవాళ్లే. ఇలాంటి బొమ్మలు ముందు జపాన్‌లో వచ్చాయి. 1984లో హాస్‌బ్రో అనే అమెరికా కంపెనీ వాటిని తీసుకుని ట్రాన్స్‌ఫార్మర్స్ అని పేరు పెట్టి అమ్మింది. మాది వాటిని చూసి చేసిన పేరులేని బొమ్మ.

ఇప్పుడు లోపాలు. చక్రాలకి ఇనప ఊచ పెట్టారు. భుజానికి మాత్రం అగ్గిపుల్ల కన్నా సన్నని ప్లాస్టిక్ పుల్ల పెట్టారు. ఎక్కువ తిరిగేది భుజమే కదా! విరిగింది కూడా అక్కడే. రెండోది, రోబో నిలబడదు, వెనక్కి పడిపోతుంది. కారు పైకప్పు వీపు మీద వేలాడుతుంది, పాదాలేమో చిన్నవి. గరిమనాభి నుంచి గీసిన నిలువు గీత పాదాల బయట పడితే వస్తువు పడిపోతుందని సైన్సు చెబుతుంది. మూడోది, ఏది ముందు మడవాలో అట్ట మీద బొమ్మ గీసి చూపలేదు. తలుపు తెరవకుండా చెయ్యి లాగితే బరువంతా ఆ పుల్ల మీదే పడుతుంది. ఆరేళ్ల పిల్లాడికి అది ఎలా తెలుస్తుంది?

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ఆటబొమ్మలకి ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలని ప్రభుత్వం నియమం పెట్టింది. మా బొమ్మ అట్ట మీద ఆ గుర్తు లేదు. మేము చూసుకోకుండా కొనడం మా తప్పు.

నా అభిప్రాయం ఏమిటంటే, పిల్లల బొమ్మని పిల్లల చేతులకి తగ్గట్టే చెయ్యాలి. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్క బొంగరం చూడండి. అది వేరే రూపంలోకి మారదు గానీ ఎన్నిసార్లు కింద పడినా తిరుగుతుంది. మారే బొమ్మకి కీలు గట్టిగా ఉండాలి. విరిగితే బాగుచేసుకునే వీలుండాలి.

ఇదంతా అయ్యకి చూపించాను. అయ్య ఏమీ అనలేదు. పాత సైకిల్ పుల్ల కాల్చి, భుజంలో కన్నం చేసి, ఆ పుల్లనే దూర్చి రెండు కొసలూ వంచాడు. ఇప్పుడు చెయ్యి బాగా తిరుగుతోంది. కర్రా కత్తీ పట్టిన చేతులే కదా అవి!

కాబట్టి చెల్లెళ్లారా, ఏదైనా వస్తువు విరిగితే "నాకు చేతకాదు" అని వెంటనే అనకండి. ముందు ఆ వస్తువుని చూడండి.

– 9వ తరగతి విద్యార్థిని